కాశీ ఇప్పుడు ఎంత మారింది, పెద్దవాళ్లతో రెండు రోజులు చాలా?

మీరు అడిగినవి మూడు. 2010 ప్రాంతంలో చూసిన కాశీకీ ఇప్పటి కాశీకీ తేడా ఏమిటి, డెబ్బై దాటిన అమ్మానాన్నలతో రెండు రోజులు సరిపోతాయా, సత్రంలో దిగాలా హోటల్లో దిగాలా. మొదటిది తేలితే మిగతా రెండూ తేలినట్టే, అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

కాశీ మారిందనగానే అందరూ విశ్వనాథుడి గుడి నుంచి గంగ దాకా కొత్తగా కట్టిన కారిడార్ గురించే చెబుతారు. నన్నడిగితే అంతకంటే పెద్ద మార్పు యాత్రికుడు ఊళ్లో ఉండే రాత్రుల సంఖ్యలో వచ్చింది. మన వైపు కాశీకి వెళితే తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలనేది పాత లెక్క, తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు నెలకో రాత్రి చొప్పున. కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్, పాండే హవేలీ చుట్టుపక్కల తెలుగు సత్రాలన్నీ ఆ లెక్క మీద నడిచినవే. సత్రంలోనే వంటశాల, అన్నదానానికి దాతల శాశ్వత నిధులు, నడిచొచ్చే దూరంలో తెలుగు పురోహితులు, ఎదురుగా గంగ. ఇప్పుడు చూడండి: 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి మొదలైన భారత్ గౌరవ్ పుణ్యక్షేత్ర యాత్ర రైలు పూరీ, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ కలిపి 8 రాత్రులు, 9 రోజుల్లో తిప్పి తీసుకొస్తుంది. ఒకప్పుడు ఒక్క ఊరికి ఇచ్చిన గడువులో ఇప్పుడు ఆరు ఊళ్లు. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లూ ఎక్కువమంది శుక్రవారం వెళ్లి ఆదివారం తిరుగు ప్రయాణం కట్టేస్తున్నారు.

మనిషికి ముప్ఫై గంటలే ఉంటే ఏం చూస్తాడు? విశ్వనాథుడు, సాయంత్రం దశాశ్వమేధ్ హారతి, పొద్దున పడవ, వీలైతే కాలభైరవుడు. అందరూ అవే చూస్తారు, అదే వేళకు చూస్తారు. ఊరి మొత్తానికి పరుచుకోవాల్సిన జనం గుడి దగ్గరి చౌరస్తా గోదౌలియా నుంచి గంగ ఒడ్డు దాకా ఉన్న ఒక్క చెక్కలో కుక్కుకుంటున్నారు. అక్కడ ఇసకేస్తే రాలని రోజే కేదారేశ్వరుడి గుళ్లో నిమ్మళంగా కూర్చోవచ్చు. ఈ సంగతి పట్టుకుంటే మీ ప్రయాణం సగం కుదిరినట్టే.

ఇక కారిడార్. 2019 మార్చి 8న శంకుస్థాపన, 2021 డిసెంబరు 13న ప్రారంభం. అంతకు ముందు గుడి ఆవరణ దాదాపు 3,000 చదరపు అడుగులు, ఇప్పుడు ప్రభుత్వం చెప్పే విస్తీర్ణం 5 లక్షల చదరపు అడుగులు. మూడు వందలకు పైగా ఇళ్లు, కట్టడాలు కొని పడగొట్టారు. గుడి నుంచి లలితా ఘాట్ మీదుగా గంగ సూటిగా కనిపిస్తుంది, ఘాట్ నుంచి గంగా ద్వారం గుండా నేరుగా గుడికి ఎక్కిరావచ్చు. మీరు చూసినప్పుడు విశ్వనాథ్ గల్లీలో గాజుల కొట్లు, ఇత్తడి సామాన్ల కొట్ల మధ్య ఒకరినొకరు ఒరుసుకుంటూ, ఎదురొచ్చిన ఆవుకు దారి ఇస్తూ వెళ్లి ఉంటారు. ఆ ఇరుకు గుడి చుట్టూ చాలావరకు పోయింది. మరుగుదొడ్లు, తాగునీరు, నీడ, వీల్‌చైర్ వచ్చాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇది చిన్న మేలు కాదు, కాదనడం అన్యాయం.

అయితే పెరిగింది ఆవరణే. గర్భగుడి అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే. రోజుకు లక్షమంది వచ్చారనుకుని లెక్కేయండి. గుడి తెరిచి ఉండేది సుమారు 20 గంటలు. గంటకు 5,000, నిమిషానికి 83. నాలుగు గుమ్మాలకు పంచితే గుమ్మానికి నిమిషానికి 21 మంది, అంటే మనిషికి మూడు సెకన్లు కూడా రావు. హారతులప్పుడు క్యూ నిలిపేసే సమయం తీసేస్తే ఇంకా తక్కువ. అందుకే రద్దీ రోజుల్లో లోపలికి వెళ్లి లింగాన్ని తాకే స్పర్శ దర్శనం ఆపేసి, గుమ్మం బయటి నుంచి చూసే ఝాంకీ దర్శనమే ఇస్తారు. తెచ్చిన నీళ్లు గుమ్మం దగ్గర అమర్చిన పాత్రలో పోస్తే గొట్టం గుండా లింగం మీదకు వెళతాయి. ‘ఇంత పెద్ద కారిడార్ కట్టి మూడు సెకన్లేనా’ అని విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. కారిడార్ నిలబడే చోటును పెంచింది, దర్శన సమయాన్ని పెంచే మార్గం దానికి లేదు.

దర్శనానికి వెళ్లేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఫోను, స్మార్ట్ వాచీ, బ్యాగు, పెన్ను లోపలికి రానివ్వరు. ఇవన్నీ గదిలో వదిలేసి, డబ్బు, ఆధార్ కార్డు మాత్రం తీసుకుని వెళ్లండి. ఫోనుతో వెళ్లారంటే గేటు ముందు కొట్టువాడు ‘లాకరు ఉచితం’ అని పిలుస్తాడు. లాకరు ఉచితమే, బదులుగా పాలు, పూలు, పేడాలు కలిపిన బుట్ట కొనాల్సి వస్తుంది. ధర ముందే అడక్కపోతే తిరిగొచ్చాక మీ ఫోను అతని దగ్గర, బేరం కూడా అతని చేతిలో. 2025 ఆగస్టు నుంచి ఆవరణలో ప్లాస్టిక్ నిషేధం ఉంది కనుక ప్లాస్టిక్ బుట్టా, ప్లాస్టిక్ సీసాలో పాలూ అసలు కొనకండి. ఇంటి నుంచి చిన్న రాగి చెంబు తీసుకెళితే సరిపోతుంది. డబ్బు కట్టి త్వరగా చూసే సుగమ దర్శనం టికెట్టు, మంగళహారతి టికెట్టు ఆలయ ట్రస్టు సొంత వెబ్‌సైట్లో గానీ వాళ్ల కౌంటర్లో గానీ కొనాలి. వీధిలో ‘వీఐపీ దర్శనం’ అని వెంటపడేవాళ్లలో చాలామంది అదే టికెట్టు నాలుగైదు రెట్లకు అమ్మేవాళ్లు, కొందరు అది కూడా లేకుండా మామూలు క్యూలో నిలబెట్టి మాయమయ్యేవాళ్లు. మంగళహారతి తెల్లవారుజామున 3 గంటలకు. 2:30కల్లా గేటు దగ్గర ఉండాలి, అంటే పెద్దవాళ్లు 1:30కు లేవాలి. రాత్రి 10కి హారతి చూసొచ్చి మళ్లీ ఆ వేళకు లేపితే మర్నాడంతా మంచమే. ముందు రోజు రాత్రి హారతికి వెళ్లని రోజు చూసి పెట్టుకోండి.

మోకాళ్ల నొప్పులుంటే పడవలో లలితా ఘాట్ దాకా వెళ్లి గంగా ద్వారం ఎక్కడం ఫొటోల్లో బాగుంటుంది గానీ, అది మీకు వద్దు. నీటిమట్టం తగ్గే కొద్దీ ఎక్కాల్సిన మెట్లు పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గంగ బాగా కిందికి దిగి ఉంటుంది, పైగా రాయి కాలుతుంది. 4వ నంబరు గేటు, అంటే జ్ఞానవాపి వైపుది, రోడ్డు మట్టానికి దగ్గర. బండ్లు మాత్రం గోదౌలియా దగ్గరో మైదాగిన్ దగ్గరో ఆపేస్తారు. అక్కణ్నుంచి అర కిలోమీటరు పైనే నడక. రద్దీ రోజుల్లో ఇంకా దూరంలోనే ఆపుతారు. ఈ-రిక్షాలకు ఏ దారి అనుమతి అనేది తరచూ మారుతుంటుంది కాబట్టి ‘గుడి దాకా తీసుకెళతా’ అన్నవాడి మాట పట్టుకుని బయల్దేరకండి. ఏ చౌరస్తాలో దింపుతాడో అడిగి ఎక్కండి. కంటోన్మెంట్ స్టేషన్ నుంచి గోదౌలియాకు రోప్‌వేకి 2023 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దూరం నాలుగు కిలోమీటర్ల లోపే, ఐదు స్టేషన్లు. వెళ్లే ముందు దాని స్థితి ఒకసారి కనుక్కోండి. రోప్‌వే నడుస్తున్నా, అది కూడా జనాన్ని తెచ్చి దించేది ఆ గోదౌలియాలోనే. ఊరికి దారులు పెంచే ప్రతి పనీ అక్కడే తేలడం నాకు కొంచెం ఆందోళనగానే ఉంటుంది.

పడగొట్టిన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి, మీరు తేడా ఏమిటని అడిగారు గదా. లాహోరీ టోలా అనే పేట దాదాపుగా లేదు. 1872 నాటి కార్మైకేల్ లైబ్రరీ లేదు. ఇళ్లు తీస్తుంటే లోపల నలభైకి పైగా పాత గుళ్లు బయటపడ్డాయని అధికారులు చెబుతారు, ఇళ్లతోపాటు చిన్న గుళ్లూ లింగాలూ పోయాయని పేటవాళ్లు చెబుతారు. రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. కాశీలో ఇంటి గోడ లోపల గుడి ఉండడం మామూలు సంగతి. ఆ ఇంటివాళ్లే పూట పూటకు దీపం పెట్టేవాళ్లు, చుట్టుపక్కలవాళ్లకు ఆ దేవుడి పేరు తెలిసేది. ఇల్లు తీసి గుడిని మిగిల్చితే గోపురం శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఆ దీపం పెట్టే కుటుంబం ఊరి చివర ఫ్లాట్‌కి వెళ్లిపోయింది. అంతర్గృహ యాత్ర చేసేవాళ్లకు దీని ఇబ్బంది బాగా తెలుస్తుంది. విశ్వనాథుడి చుట్టూ ఉన్న పదుల గుళ్లను ఒక వరసలో చూడాల్సిన యాత్ర అది. ‘ఈ సందు మలుపులో, ఆ ఇంటి అరుగు పక్కన’ అని ఆనవాళ్లు ఉండేవి. ఇప్పుడు మలుపూ లేదు, అరుగూ లేదు, చునార్ రాయి పరిచిన మైదానం ఉంది. ఆ యాత్ర చెయ్యదలిస్తే వరస తెలిసిన స్థానిక పురోహితుణ్ని వెంటపెట్టుకోక తప్పదు.

రోజూ దర్శనం చేసుకునే ఊరివాళ్లను అక్కడ ‘నేమీ’ అంటారు. వాళ్లు నాలుగు అడుగులు వేస్తే గుడి, రెండు నిమిషాల్లో దర్శనం. జనం పెరిగాక వాళ్లూ క్యూలో చిక్కుకున్నారు, చివరికి స్థానిక గుర్తింపు కార్డు చూపి వెళ్లేలా ప్రత్యేక ద్వారం, ప్రత్యేక వేళలు పెట్టాల్సి వచ్చింది. ఊరివాడు తన ఊరి గుడికి కార్డు చూపించి వెళ్లడం, నా ఉద్దేశంలో, 5 లక్షల చదరపు అడుగులకంటే ఎక్కువ చెప్పే గుర్తు.

ఇదంతా 2019లోనే మొదలైందనుకోకండి. గుళ్లో బంగారం చోరీ తరవాత 1983లో చట్టం చేసి మహంతుల చేతిలోంచి ప్రభుత్వం ఏర్పాటు చేసిన ట్రస్టుకు ఆలయం మారింది. దశాశ్వమేధ్ ఘాట్ హారతిని చూసి ‘వేల ఏళ్ల ఆచారం’ అంటుంటారు. గంగా పూజ పాతదే, కానీ చెక్క వేదికల మీద వరసగా నిలబడి, మైకులో పాటలతో, ఒకే లయలో దీపాలు తిప్పే ఈ రూపం 1990ల నుంచి వచ్చింది. అస్సీ ఘాట్లో పొద్దుటి కార్యక్రమం ‘సుబహ్-ఏ-బనారస్’ 2014లో మొదలైంది. కొత్తది కాబట్టి చూడొద్దని కాదు. దశాశ్వమేధ్ హారతి కోసం రెండు గంటల ముందు వెళ్లి మెట్ల మీద కూర్చుని, అయ్యాక తొక్కిసలాటలో బయటపడడం డెబ్బై ఏళ్లవాళ్లకు అవసరమా అన్నది ఆలోచించండి. అస్సీలో సాయంత్రం హారతి కూడా ఉంటుంది, జనం తక్కువ, ఆటో దగ్గర దాకా వస్తుంది. 2025 మహాకుంభమేళా వేళ ప్రయాగ నుంచి జనం ఇటు పొంగి, దశాశ్వమేధ్ హారతికి ఎవరూ రావద్దని నిర్వాహకులే కోరాల్సి వచ్చింది. ప్రయాగలో ఏ పెద్ద స్నానం ఉన్నా మర్నాడు, ఆ పై రోజు కాశీ నిండిపోతుందని గుర్తుంచుకోండి.

పడవల్లో కూడా మార్పు కనిపిస్తుంది. తెడ్డు పడవలు తగ్గాయి, డీజిల్ ఇంజన్లు చాలావరకు సీఎన్‌జీకి మారాయి, నమో ఘాట్ దగ్గర నీటి మీదే గ్యాసు నింపే కేంద్రం ఉంది. 2018 నుంచి క్రూయిజ్ పడవలు వచ్చాయి. తరాలుగా ఈ పని చేస్తున్న మల్లాహుల ఆదాయానికి గండి అక్కడే పడింది, వాళ్లు నిరసనలూ చేశారు. బేరంలో ముఖ్యమైన ప్రశ్న ఒకటే: చెప్పిన ధర మనిషికా, పడవ మొత్తానికా. గొడవలన్నీ అక్కడే వస్తాయి. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలి, హారతి అయ్యేదాకా ఆపుతాడా అన్నవీ ముందే మాట్లాడుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా గంగ ఉధృతంగా ఉంటుంది. ప్రమాద స్థాయి 71.262 మీటర్లు, దానికి చాలా ముందే పడవలు ఆపేస్తారు, ఘాట్ల మధ్య మెట్ల దారి మునిగిపోతుంది, హారతి మేడల మీదకు మారుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్న దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా పడే గొయ్యి ఒకటుంది. ఉత్తరాదిన నెల పూర్ణిమతో ముగుస్తుంది. గురుపూర్ణిమ మర్నాడే వాళ్లకు శ్రావణం, మన పంచాంగంలో అది ఇంకా ఆషాఢ బహుళం. ‘శ్రావణం రాలేదు కదా, ఖాళీగా ఉంటుంది’ అని ఆ పదిహేను రోజుల్లో టికెట్లు కొన్నవాళ్లు సరిగ్గా కావడి యాత్రికుల మధ్యన, సోమవారం నాడు దిగుతారు. మన కార్తీకంలో మనవాళ్లే ఎక్కువ, సత్రాలు దొరకవు, కార్తీక పౌర్ణమి దేవ్ దీపావళికి హోటల్ ధరలు అందనంత ఎత్తుకు పోతాయి. మహాశివరాత్రి సరేసరి. పూర్వం రద్దీ తిథిని బట్టే వచ్చేది, ఇప్పుడు ఆఫీసు సెలవులను బట్టి కూడా వస్తుంది. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా, శని, ఆదివారాలకు పండగ సెలవు కలిసిన ప్రతిసారీ క్యూ గంటల్లో ఉంటుంది. మీకైతే నవంబరు చివర, పౌర్ణమి దాటాక, లేదా ఫిబ్రవరిలో శివరాత్రి దరిదాపుల్లో లేని సోమవారం కాని పని రోజులు బాగుంటాయి. జనవరి చలి, పొగమంచు పెద్దవాళ్లకు మంచిది కాదు, రైళ్లూ విమానాలూ కూడా ఆలస్యమవుతాయి.

రెండు రోజులు చాలా అంటే, విశ్వనాథుడికి చాలు, కాశీకి చాలవు. కనీసం నాలుగు రాత్రులు ఉంచండి. చేరిన రోజు ఏమీ పెట్టుకోవద్దు, కేదారేశ్వరుడి దర్శనం, గంగ ఒడ్డున కాసేపు కూర్చోవడం. రెండో రోజు తెల్లవారకముందే విశ్వనాథ, అన్నపూర్ణ, విశాలాక్షి, డుంఢి గణపతి, తొమ్మిదికల్లా గదికి. మూడో రోజు పొద్దున్నే వారాహి అమ్మవారు. ఆ గుడి తెల్లవారుజామున కొద్దిసేపే తెరుస్తారు, పై నుంచి రంధ్రం గుండా కిందికి చూడాలి, వంగలేనివాళ్లకు ముందే చెప్పండి. అదే రోజు కాలభైరవుడు, దండపాణి. నాలుగో రోజు ఆటో మాట్లాడుకుని దుర్గాకుండ్, సంకటమోచన్, గవ్వలమ్మ. గవ్వలమ్మ గుడిలో ఇప్పటికీ తెలుగు మాటలే ఎక్కువ వినిపిస్తాయి, ప్యాకేజీ బస్సులు కూడా అక్కడ ఆగుతాయి, అందుకని పదిన్నర దాటకముందే వెళ్లడం మేలు. ఇంకో రోజు దొరికితే పంచక్రోశి. కర్దమేశ్వర్, భీమచండీ, రామేశ్వర్, శివపూర్, కపిలధార విడిదులుగా దాదాపు 80 కిలోమీటర్లు నడిచే ఐదు రోజుల యాత్ర అది. కారులో ఒక్క రోజులో ముగించేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. కారులోనైనా పొద్దున ఆరింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి సాయంత్రమవుతుంది.

పితృకార్యం చెయ్యాలనుకుంటే ఇంటి దగ్గరే కాగితం మీద గోత్రం, రెండు వైపులా మూడు తరాల పేర్లు, దగ్గరి బంధువుల్లో పోయినవాళ్ల పేర్లు రాసి తీసుకెళ్లండి. ఘాట్లో కూర్చుని ఊరికి ఫోన్ చేసి ‘తాతమ్మ పేరేమిటి’ అని అడిగేవాళ్ల వల్ల వెనకవాళ్లంతా ఆగుతారు. పురోహితుడితో మాట్లాడేటప్పుడు సామగ్రి, దక్షిణ, దానాలు, భోక్తల భోజనం, పడవ అన్నీ కలిపి ఎంతో ఒకే అంకె చెప్పించుకోండి. తక్కువ దక్షిణ చెప్పి, కూర్చున్నాక గోదానం, స్వర్ణదానం అంటూ పెంచడం కొత్తేం కాదు, కానీ ఒక్కరోజు యాత్రికులు పెరిగాక ఇది ఎక్కువైంది. మళ్లీ కనిపించని మనిషితో మొహమాటం ఎవరికుంటుంది? సత్రం వాళ్లు చెప్పిన పురోహితుడైతే ఫిర్యాదు చెయ్యడానికి ఒక చోటైనా ఉంటుంది.

సత్రమా హోటలా అంటే, మీకు సత్రమే చెబుతాను, రెండు షరతులతో. కింది అంతస్తు గది, పాశ్చాత్య మరుగుదొడ్డి ఉన్నాయని ఫోన్లో ఖాయం చేసుకున్నాకే. చాలా సత్రాల్లో లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. కొన్ని ఒంటరివాళ్లకు గది ఇవ్వవు, కొన్ని ఫలానా కులం వాళ్లకే ఇస్తాయి, కొన్నింటిలో మూడు రోజుల పరిమితి ఉంటుంది, తొమ్మిది నిద్రలకు వచ్చామని ముందే చెబితే చాలాచోట్ల సర్దుతారు. అందరి ఆధార్ కార్డులూ కావాలి. మధ్యాహ్న భోజనం వేళ దాటితే మళ్లీ వడ్డించరు, వస్తున్నామని పొద్దున్నే పేర్లు ఇవ్వాలి. అన్నదానానికి విరాళం ఇవ్వదలిస్తే రసీదు తీసుకోండి. గూగుల్‌లో సత్రం పేరుతో కనిపించే నంబర్లకు అడ్వాన్సు పంపకండి, అచ్చం అలాంటి పేర్లతో మోసపు పేజీలు ఉంటాయి. ఇంతకు ముందు దిగి వచ్చినవాళ్ల దగ్గర నంబరు తీసుకోవడం ఉత్తమం. విశ్వనాథుడి గుడి చుట్టూ పాత ఇళ్లు చాలా గెస్ట్‌హౌసులైపోయాయి, ‘గుడికి రెండు నిమిషాలు’ అని రాసుకుంటాయి. రెండు నిమిషాలు నిజమే గానీ, ఆ రెండు నిమిషాల సందులోకి బండి రాదు, సామాను మోసుకుంటూ అర కిలోమీటరు రావాలి, రాత్రి పొద్దుపోయేదాకా మైకులు. కేదార్ ఘాట్ వైపు ఉంటే దర్శనానికి కిలోమీటరు పైచిలుకు దూరం, కానీ సోనార్‌పురా రోడ్డు దాకా ఆటో వస్తుంది, పక్కనే తెలుగు మాట్లాడేవాళ్లు ఉంటారు, అవసరమైతే పెద్దవాళ్లకు ఆ పూట పెరుగన్నం దొరుకుతుంది.

రైల్లో వెళితే సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాశీలో ఆగదు, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో దిగాలి. అక్కణ్నుంచి కేదార్ ఘాట్ వైపుకి పదిహేను కిలోమీటర్ల పైమాట. స్టేషన్ బయట ఆటోవాళ్లకు ‘విశ్వనాథ్ మందిర్’ అని చెబితే గోదౌలియా జాములో దింపుతారు, ‘సోనార్‌పురా’ అని చెప్పండి.